తిమింగలానికి తోక ఎటు?

ఆ రోజు ఇంట్లో ఉన్నవాళ్ళు వీళ్ళు. కిటికీ దగ్గర బల్ల మీద గుడ్డ పరిచి కత్తిరిస్తున్న నాన్న. మిషన్ తొక్కుతూ, తొక్కినంతసేపూ మాట్లాడుతున్న పిన్ని. వెనక గది గుమ్మం పక్కన కాళ్ళు బారజాపుకుని బొమ్మల పొట్టల్లో దూది కూరుతున్న నాయనమ్మ. వెనక దూది గదిలో ముగ్గురు పిల్లలు: పిన్ని కొడుకు బండోడు, బస్సు డ్రైవర్ కూతురు ఎందుకమ్మ, నర్సమ్మ కొడుకు నములుడు. ఆ ముగ్గురికీ కాపలాగా గుసగుస. అమ్మ మాత్రం లేదు. బొమ్మలకు కళ్ళుగా కుట్టే నల్ల గుండీలు అయిపోతే కొనుక్కురావడానికి వెళ్ళింది.

ఇది మనుషుల లెక్క. జంతువుల లెక్క అడక్కూడదు. గోడ పొడుగునా నిలబెట్టిన సంచుల్లోంచి ఏనుగులు, కుందేళ్ళు, గబ్బిలాలు, కంగారూలు, తిమింగలాలు మూతులు బయటపెట్టి చూస్తున్నాయి. గుడ్డతో, దూదితో చేసినవే అయినా ఇంటిల్లిపాదినీ పోషించేవి అవే.

గుసగుసకు అసలు పేరు ఉంది. కానీ అది బడిలో హాజరు పిలిచేటప్పుడు తప్ప ఎక్కడా వినపడదు. ఆ పిల్ల నోట్లోంచి మాట బయలుదేరుతుంది గానీ ఊరు చేరదు. సగం దారిలోనే నీరసపడి కూర్చుంటుంది. ఎవరైనా కొత్తవాళ్ళు గుమ్మంలోకి వస్తే ఆ సగం కూడా ఉండదు. "దీని నోట్లో నాలుకుందో లేదో ఒకసారి చూపించండి బావగారూ" అని పిన్ని నాన్నతో అంటూనే ఉంటుంది. పిన్నికి ఆ బెంగ లేదు. గోడతో మాట్లాడి గోడ చేత ఊఁ కొట్టించగలదు.

ఈసారి బేరం కొత్తగా పెట్టిన చిన్నపిల్లల బడిది. ఆ బడి టీచరమ్మ వచ్చి, పాలిచ్చి పిల్లల్ని పెంచే జంతువులన్నీ కావాలని, ఒకదానికొకటి తేడా పిల్లలకు తెలియాలని చెప్పింది. వెళ్ళేముందు ఇంకో మాట కూడా అంది. "బొమ్మల మూటలు విప్పే రోజు మీలో ఎవరైనా రావాలండీ. ఒక్కో జంతువునూ పిల్లలకు పరిచయం చెయ్యాలి. చేసినవాళ్ళు చెబితే ఆ అందమే వేరు."

"నేనొస్తానుగా!" అని పిన్ని ఆ మాట పూర్తికాకుండానే అనేసింది. ఆ పూటే వీధంతా చాటింది కూడా. ఆ రోజు కట్టుకోవడానికి బీరువాలోంచి నీలం చీర తీసి ఇస్త్రీ చేసి పెట్టుకుంది.

గుసగుస ఎవరితోనూ ఏమీ అనలేదు. కానీ అప్పటి నుంచీ ఆ పిల్లకు తిండి సయించడం లేదు. వెళితే తనే వెళ్ళాలి. పుట్టి బుద్ధెరిగాక ఆ పిల్ల ఇంతగా కోరుకున్నది ఇంకోటి లేదు. ఆ సంగతి నోరు తెరిచి చెప్పుకోలేకపోవడమే వచ్చిన చిక్కు.

అంత ఆశ ఎందుకంటే, పెద్దవాళ్ళ ముందు నోరు పెగలని ఆ పిల్ల దూది గదిలో మాత్రం గంటలు గంటలు మాట్లాడుతుంది. ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉంది. బొమ్మలు తయారయ్యాక, పంపేముందు, ఒక్కో రకంలోంచి ఒక్కోటి తీసి చుట్టుపక్కల పిల్లల చేతికిచ్చి ఆ గదిలో వదిలేస్తారు. దాని పేరు పీకుడు పరీక్ష. చెవి ఊడితే చెవి గట్టిగా కుడతారు, కన్ను ఊడితే కన్ను. "పిల్లల చేతిలో బతికింది అడవిలోనైనా బతుకుతుంది" అనేది నాయనమ్మ సిద్ధాంతం. పిల్లలు దూది మింగకుండా చూడటం గుసగుస పని. ఊరికే కూర్చుని చూడలేక మొదట్లో ఒకటీ అరా చెప్పింది. ఇప్పుడు ఆ పిల్లలు పీకడానికి కాదు, వినడానికి వస్తున్నారు. ముందు గదిలో మిషన్ మోత గుసగుసకు గోడలా అడ్డు నిలబడుతుంది. మోత ఆగితే ఆ పిల్ల గొంతు కూడా ఆగుతుంది.

ఆ రోజు కూడా మోత జోరుగా ఉంది.

"ఇవన్నీ చుట్టాలే" అంది గుసగుస, బొమ్మల్ని వరసగా నిలబెట్టి.

"ఏనుగూ కుందేలూ చుట్టాలా? అయితే పెళ్ళిళ్ళకి పిలుచుకుంటాయా?" అన్నాడు బండోడు.

"పిలుచుకోవు. కానీ చిన్నప్పుడు రెండూ వాళ్ళమ్మ దగ్గర పాలు తాగి పెరిగినవే. కోడిపిల్ల తాగుతుందా పాలు?"

"అది గింజలు తింటుంది."

"చూశావా? పాలు తాగి పెరిగేవన్నీ ఒక ఇంటివి. వాటికి ఒంటి మీద వెంట్రుకలు కూడా ఉంటాయి."

"ఎందుకు?" అంది ఎందుకమ్మ. ఆ పేరు ఊరికే రాలేదు.

"చలి పెట్టకుండా."

"మరి ఏనుక్కి లేవుగా?"

"ఉన్నాయి. పలచగా ఉంటాయి, దగ్గరికెళితే గానీ కనపడవు. తోక చివర మాత్రం కుచ్చులాగా ఉంటాయి."

"నాయనమ్మకి గడ్డం మీద రెండున్నాయి, నేను చూశా" అన్నాడు బండోడు.

"ఒరేయ్, నాకు చెవులు కూడా రెండున్నాయిరా!" అంది గుమ్మం దగ్గర్నుంచి నాయనమ్మ.

పిల్లలు నోళ్ళు మూసుకుని నవ్వారు. గుసగుస గొంతు తగ్గించింది గానీ ఆపలేదు. నాయనమ్మ వింటే ఫరవాలేదు. ఆవిడ విన్నవన్నీ దూదితో పాటు పొట్టలోనే పెట్టుకుంటుంది.

"ఒకే ఇంటివైనా అన్నీ ఒకలా ఉండవు. దూడ పుట్టిన కాసేపటికే లేచి నిలబడుతుంది. కుక్కపిల్లయితే కొన్నాళ్ళు కళ్ళు కూడా తెరవదు. కంగారూ పిల్ల పుట్టినప్పుడు చిక్కుడు గింజంత ఉంటుంది. అది పాక్కుంటూ వెళ్ళి వాళ్ళమ్మ పొట్టసంచిలో దూరి అక్కడే పెరుగుతుంది."

"మరి నేను?" అన్నాడు బండోడు.

"నువ్వు ఏ పనీ రాకుండా పుట్టావు, ఏడవడం తప్ప."

"ఇప్పుడూ అంతే" అంది ఎందుకమ్మ.

నములుడు మాత్రం గబ్బిలం రెక్క నోట్లో పెట్టుకుని ఉన్నాడు. గుసగుస మెల్లగా లాగి, తడి తుడిచి, రెక్కను విప్పి చూపించింది. "ఇది పిట్ట కాదు. ఈకలు ఉన్నాయేమో చూడండి. లేవు కదా? ఇది రెక్కలా ఉన్న చెయ్యి." తన ఐదు వేళ్ళూ బారుగా చాపి వాటి మీద పలచని గుడ్డ ముక్క పరిచింది. "వేళ్ళు ఇలా పొడుగ్గా సాగి, మధ్యలో చర్మం ఉంటుంది. పిల్ల చిన్నదిగా ఉన్నప్పుడు పొట్టకు కరుచుకుని ఉంటే, తల్లి ఒక్కోసారి దాన్ని మోసుకునే ఎగురుతుంది."

నములుడు తన వేళ్ళు చాపి చూసుకున్నాడు.

ఎందుకమ్మ ఈలోగా మూలనున్న పాత బొమ్మల్లోంచి ఒక చేపను తెచ్చి తిమింగలం పక్కన పెట్టింది. "ఇది చేప. ఇది పెద్ద చేప" అంది.

"కాదు. తిమింగలం పిల్లకు పాలిస్తుంది. నీళ్ళలోనే ఉన్నా గాలి పీల్చుకోవడానికి పైకి వస్తుంది. దానిక్కూడా పుట్టినప్పుడు మూతి దగ్గర ఒకటో రెండో వెంట్రుకలు ఉంటాయి."

"అవన్నీ నువ్వు చెబుతున్నావు. చూస్తే ఎలా తెలుస్తుంది?"

గుసగుస జవాబు చెప్పబోయి రెండు బొమ్మల వంకా చూసింది. చూస్తే తెలియదు. ఒకటి చిన్నది, ఒకటి పెద్దది, అంతే తేడా. ఎందుకు తేడా లేదో కూడా ఆ పిల్లకు తెలుసు. గుడ్డ కత్తిరించే పాత అట్ట అచ్చుతో పని జరిగేటప్పుడు కొత్త అచ్చు కోయకూడదన్నది ఆ ఇంటి నియమం. ఎలుగుబంటి అచ్చుకు చెవులు సాగదీస్తే కుందేలు. కుక్క అచ్చుకు మెడ పొడిగిస్తే గుర్రం. తిమింగలం కావాలనేసరికి నాన్న చేప అచ్చునే పెద్ద అట్ట మీద సాగదీసి గీశాడు. ఒళ్ళు బొద్దుగా చేశాడు, మూతి గుండ్రంగా చేశాడు, తోక జోలికి మాత్రం పోలేదు. అది చేప తోకలాగే నిలువుగా నిలబడి ఉంది.

బడిలో గోడకు వేలాడే పటం గుసగుస కళ్ళ ముందుకు వచ్చింది. అందులో తిమింగలం మునుగుతూ ఉంటుంది, తోక మాత్రం నీళ్ళ పైన ఉంటుంది. పక్కపక్కన పరిచిన రెండు అరచేతుల్లాగా, అడ్డంగా.

"తోక" అంది గుసగుస. "తోక తప్పు. చేప తోక నిలువుగా ఉండి అటూ ఇటూ ఆడుతుంది. తిమింగలానిది అడ్డంగా ఉండి పైకీ కిందికీ ఆడుతుంది."

"ఎందుకు?"

ఎందుకో గుసగుసకు తెలియదు. పటంలో అది రాసి లేదు. తెలియదని చెప్పడానికి నోరు తెరిచింది కూడా. అప్పుడే బండోడు కుక్కనంటూ నాలుగు కాళ్ళ మీద గదిలో గెంతులు మొదలుపెట్టాడు. గెంతినప్పుడల్లా వాడి నడుం విల్లులా పైకి లేస్తోంది, కిందికి దిగుతోంది. గోడ మీద బల్లి ఒకటి భయపడి పరిగెత్తింది. దాని నడుం మాత్రం పాములాగా అటూ ఇటూ వంకర్లు తిరిగింది. గుసగుస ఒకసారి బల్లిని, ఒకసారి బండోణ్ణి చూసింది.

"బండోడా, ఇంకోసారి పరిగెత్తు."

వాడు పరిగెత్తాడు. ఆపమన్నా ఆగలేదు.

"చూడు, మన ఇంటి జంతువులు పరిగెత్తితే నడుం పైకీ కిందికీ వంగుతుంది. కుక్కా అంతే, గుర్రమూ అంతే. తిమింగలమూ ఈ ఇంటిదే కదా. నీళ్ళలోకి వెళ్ళింది గానీ పరుగు మర్చిపోలేదు."

ఎందుకమ్మ మొట్టమొదటిసారిగా ఎందుకు అని అడగలేదు. తను కూడా నాలుగు కాళ్ళ మీద వంగి, ఒక చేత్తో నడుం తడిమి చూసుకుంది.

గుసగుసకు సంతోషం వేసింది, ఆ వెనకే భయం వేసింది. బయట గదిలో సంచెడు తిమింగలాలు ఉన్నాయి. అన్నిటికీ చేప తోకలే. పొద్దుటి నుంచీ వంచిన నడుం ఎత్తకుండా కుట్టింది పిన్ని. సాయంత్రానికి టీచరమ్మ బొమ్మల కోసం వస్తుంది. ఊరుకుంటే ఎవరికీ తెలియదు. ముందే పంపిన నమూనా చూసి టీచరమ్మ కూడా ముద్దుగా ఉందంది. కానీ ఆ బడిలోనూ ఒక ఎందుకమ్మ ఉంటుంది కదా, చేపను తెచ్చి పక్కన పెడుతుంది కదా. అప్పుడు పిన్ని ఏం చెబుతుంది? తనే వెళితే, తనైనా ఏం చెబుతుంది?

ఆ పిల్ల గుమ్మంలోకి వచ్చి నిలబడింది. "నాన్నా" అంది. మిషన్ మోతలో ఆ మాట దూదిలో సూది పడ్డట్టయింది. ఇంకోసారి అంది. నాన్న తలెత్తలేదు. మూడోసారి ఉన్న ఊపిరంతా కూడగట్టుకుని నోరు తెరిచేసరికి, మిషన్లో దారం తెగి మోత ఠక్కున ఆగింది.

"తిమింగలం తోక తప్పు!"

ఇల్లు ఇల్లంతా ఆ పిల్ల వైపు తిరిగింది. గుసగుస గొంతు అంత ఉంటుందని గుసగుసకే తెలియదు.

"తప్పేంటే? ఉందిగా తోక! లేకపోతే తప్పు" అంది పిన్ని.

"అటు కాదు..." మాట మళ్ళీ సగం దారిలో కూర్చుంది.

"ఎటు కాదు? నువ్వు సముద్రానికెళ్ళి చూసొచ్చావా? చేపపిల్లకి ఈత నేర్పినట్టు, ఇన్నేళ్ళుగా కుడుతున్న నాకు తోకలు నేర్పుతావా? టీచరమ్మే చూసి బాగుందంది!"

"ముద్దుగా ఉందా లేదా అని చూసిందిలే. తోక ఎటుందని చూసుంటుందా?" అంది నాయనమ్మ, ఏనుగు పొట్టలోంచి చెయ్యి తియ్యకుండా. "నువ్వు చెప్పవే. ఏమిటి సంగతి?"

గుసగుస అందరి వంకా చూసింది. అందరి కళ్ళూ తన మీదే. లోపలికి వెళ్ళి ఎందుకమ్మనూ బండోణ్ణీ చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. "చూపించండి" అంది, వాళ్ళకు మాత్రమే వినపడేలా.

బండోడు కత్తిరింపుల మీదుగా గెంతాడు. ఎందుకమ్మ వాడి నడుం చూపిస్తూ అంతా అప్పజెప్పింది: బల్లి, కుక్క, గుర్రం, నీళ్ళలోకి వెళ్ళినా మరవని పరుగు, ఒక్కటీ వదల్లేదు.

నాన్న మాటల మనిషి కాదు. గుసగుసకు ఆ గుణం వచ్చింది ఆయన దగ్గర్నుంచే. కత్తెర పక్కన పెట్టి, అరచేతిని గాలిలో చాపి, మణికట్టు దగ్గర అటూ ఇటూ ఊపాడు. తర్వాత పైకీ కిందికీ ఊపాడు. బయట వీధిలో కుక్క ఒకటి ఎవరి వెంటో పరిగెడుతోంది. కిటికీలోంచి అది మలుపు తిరిగేదాకా చూశాడు. తర్వాత సంచిలోంచి ఒక తిమింగలాన్ని తీసి, బ్లేడుతో తోక కుట్టు విప్పడం మొదలుపెట్టాడు.

"అయ్యో బావగారూ! పొద్దుట్నుంచి కుట్టీ కుట్టీ నా నడుం విరిగింది, దాని సంగతేంటి?" అంది పిన్ని.

"నీ నడుమూ అంతే అత్తా, పైకీ కిందికీ వంగుతుంది. వంగి చూడు" అంది ఎందుకమ్మ.

నాయనమ్మ నవ్వాపుకోలేక ఏనుగు మొహంలో మొహం పెట్టుకుంది. పిన్నికి కూడా నవ్వొచ్చింది గానీ కోపాన్ని వదల్లేదు. "గుడ్డొచ్చి పిల్లని వెక్కిరించడమంటే ఇదే" అంటూ సంచిని దగ్గరికి లాక్కుంది. అదృష్టం ఏమిటంటే తోక విడిగా కుట్టి అతికించినదే. విప్పి, పావు వంతు తిప్పి, మళ్ళీ కుడితే సరిపోతుంది. కానీ ఎంత చిన్న పనైనా సంచెడు బొమ్మలకు చెయ్యాలి.

అందరూ కూర్చున్నారు. నాన్న విప్పుతున్నాడు, నాయనమ్మ జారిన దూది కూరుతోంది, పిన్ని కుడుతోంది. గుసగుస అడ్డంగా తిప్పి పట్టుకుంటోంది. పిన్ని చాలాసేపు ఆ పిల్లతో మాట్లాడలేదు. పిన్ని మాట్లాడకపోవడమంటే ఆ ఇంట్లో గడియారం ఆగినట్టే.

సగం కూడా కాకముందే టీచరమ్మ వచ్చింది. గుమ్మంలోనే నిలబడిపోయింది. నేలంతా తోకలు లేని తిమింగలాలు, తిమింగలాలు లేని తోకలు.

"ఏమైందండీ వీటికి?"

పిన్ని పెదవుల మధ్య గుండుసూదులు ఉన్నాయి. గడ్డంతోనే గుసగుస వైపు చూపించింది.

టీచరమ్మ గుసగుసను చూసింది. గుసగుస తిమింగలాన్ని చూసింది. ఎందుకమ్మ ఊరుకోలేక మళ్ళీ మొదట్నుంచీ చెప్పింది, బండోడు మళ్ళీ గెంతాడు. నములుడు కూడా వచ్చి గబ్బిలంలా వేళ్ళు చాపి చూపించాడు, అది ఎవరూ అడగకపోయినా.

టీచరమ్మ నమూనా తిమింగలాన్ని తన చేతి సంచిలోంచి తీసి తిప్పి తిప్పి చూసింది. "ఇది నా బల్ల మీద చాలా రోజులే ఉంది. నాకు తోచనే లేదు. ఎవరు చెప్పారు మీకు ఇదంతా?"

"అక్క" అన్నారు ఎందుకమ్మా బండోడూ, గుసగుసను చూపిస్తూ.

"అది పిల్లల దగ్గరే మాట్లాడుతుందండీ. మనుషుల దగ్గర పెదవి విప్పదు" అంది పిన్ని, సూదులు తీసేసి. "ఆ రోజుకి నేనొస్తానులెండి. అది నాకు చెబుతుంది, నేను మీ పిల్లలకి చెబుతాను."

అది నిజంగా మంచి ఉపాయమే. ఎవరికీ ఇబ్బంది లేదు. గుసగుస తలూపితే చాలు, అయిపోతుంది. తలూపడం ఆ పిల్లకు బాగా వచ్చిన పని.

"నేనొస్తాను" అంది గుసగుస.

ఎవరికీ వినపడలేదు. టీచరమ్మ అప్పటికే పిన్నితో ఏ వేళకు రావాలో చెబుతోంది. గుసగుస చేతిలో ఉన్న తోకను గట్టిగా పట్టుకుంది.

"నేను వస్తాను."

ఈసారి పిన్ని మాట ఆగిపోయింది. పిన్ని మొహంలోకి చూడాలంటే గుసగుసకు మిగతావన్నీ కలిపినంత కష్టం అనిపించింది. అయినా చూసింది. కోపం లేదక్కడ. ఇస్త్రీ చేసిన నీలం చీరను మళ్ళీ బీరువాలో పెట్టేవాళ్ళ మొహంలా ఉంది. పిన్నికి కూడా ఇల్లూ మిషనూ కాకుండా ఒక పూట వేరే చోట ఉండాలని ఉంటుందన్న సంగతి గుసగుసకు అంతకు ముందు తోచలేదు.

"వస్తావు సరే" అంది టీచరమ్మ మెల్లగా. "అక్కడ చాలామంది పిల్లలు ఉంటారమ్మా. అమ్మానాన్నలు కూడా వస్తారు. ఏదీ, ఇప్పుడు ఒకసారి చెప్పు, వింటాను."

గుసగుస చెప్పలేదు. గది నిండా మనుషులున్నారు, మోత లేదు. నాన్న తల వంచుకుని బ్లేడు వంక చూస్తున్నాడు. ఆయనకు ఆ అవస్థ తెలుసు. టీచరమ్మ, కోపమేమీ లేకుండానే, వెళ్ళడానికి చేతి సంచి భుజానికి సర్దుకుంది.

అప్పుడు పిన్ని లేచింది. ఒళ్ళోని దారాలు దులుపుకుంది. గుసగుస రెండు భుజాలూ పట్టుకుని వెనక్కి తిప్పి దూది గదిలోకి నడిపించింది. పిల్లలు ముగ్గురినీ కోడిపిల్లల్ని తోలినట్టు వెనకే తోలింది. తోక తిప్పి కుట్టిన తిమింగలం ఒకటి తెచ్చి చేతిలో పెట్టింది.

"మమ్మల్ని చూడకు. వీళ్ళకే చెప్పు" అంది. "కానీ గట్టిగా చెప్పు. టీచరమ్మ బయట నిలబడుతుంది, వినపడకపోతే మళ్ళీ నేనే వెళ్ళాలి. నాకు ఈ బల్లుల గొడవ ఏమీ తెలీదు."

ఆ మాట అని, జవాబు కోసం ఆగకుండా, పిన్ని బయటికి వెళ్ళి తలుపు వేసేసింది.